భగత్ సింగ్ పిస్టల్ నమూనా: మ్యూజియంకు వెళ్లాలా, రికార్డులు సరిపోతాయా?

నాటకానికో, ప్రదర్శనకో చెక్కతో నమూనా చేయాలనుకునేవాళ్లకు మొదట వచ్చే ప్రశ్న ఇదే. 1928 డిసెంబరు 17న లాహోర్‌లో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్ మీద వాడిన .32 కోల్ట్ పిస్టల్ ఇప్పుడు పంజాబ్‌లోని హుస్సేనీవాలాలో, సరిహద్దు భద్రతా దళం (బీఎస్ఎఫ్) మ్యూజియంలో ఉంది.

ఖర్చు: మ్యూజియం అంటే ఫిరోజ్‌పూర్ దాకా ప్రయాణం. రికార్డులంటే ఫొటోలు ఉచితం, పిస్టల్ నంబరును బట్టి దాని వివరాలు చెబుతూ కోల్ట్ కంపెనీ ఆర్కైవ్ (పాత రికార్డుల విభాగం) ఇచ్చే లేఖకు మాత్రం ఫీజు.

శ్రమ: మ్యూజియంలో చూడటమే తప్ప కొలవడం కుదరదు. రికార్డులైతే కూర్చుని వెతకడానికి ఓపిక కావాలి.

అసలు తేడా నమ్మకంలో ఉంది. ఈ పిస్టల్‌కు తుప్పు పట్టకుండా ఒకప్పుడు నల్ల రంగు పూశారు. అది గీకాక బయటపడిన 168896 అనే నంబరు కేసు రికార్డుతో సరిపోయింది. అంటే కంటితో చూసినా రంగు మోసం చేయొచ్చు, నంబరు చేయదు. ఫొటోలకూ ఓ చిక్కుంది: పక్కకు వంచి తీసినవాటిలో గొట్టం పొడవు తప్పుగా కనిపిస్తుంది. కోల్ట్ 1903 మోడల్ గొట్టం 1908 ప్రాంతంలో 4 అంగుళాల నుంచి 3.75కి తగ్గింది, ఆ పావు అంగుళమే నమూనాను పాడుచేస్తుంది.

రిస్క్ సంగతి: రెండింట్లోనూ పేలని చెక్క, రెజిన్ నమూనాకే పరిమితం కావాలి. పేలేది చేస్తే 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు.

స్టేజీ మీద దూరం నుంచి కనిపించేదైతే రికార్డులే చాలు, ప్రయాణం దండగ. అద్దాల పెట్టెలో దగ్గరగా చూపించేదైతే ముందు నంబరు, కొలతలు తేల్చుకుని, అరిగిన అంచులు, పిడి గీతల కోసం హుస్సేనీవాలా వెళ్లండి.