ఎంబ్రాయిడరీ డిజిటైజింగ్: కొత్తగా నేర్చుకునేవారికి ఏ దారి మేలు?

తెలుగు ఊళ్లలో మగ్గం వర్క్ దుకాణాల పక్కనే జాకెట్లకు కంప్యూటర్ వర్క్ చేసే దుకాణాలూ ఇప్పుడు కనిపిస్తున్నాయి. యంత్రం కొన్నవారు దారం ఎక్కించడం, ఫ్రేమ్ బిగించడం త్వరగానే పట్టుకుంటారు గానీ, ఎవరైనా వచ్చి తమ చీర అంచులో ఉన్న మామిడి పిందెనే జాకెట్ చేతుల మీదకు దించమని అడిగినప్పుడు అసలు కొరత బయటపడుతుంది. బొమ్మను యంత్రం కుట్టగలిగే కుట్లుగా మార్చే ఈ పని, అంటే వృత్తిలో ఉన్నవారు పంచింగ్ అని పిలిచే డిజిటైజింగ్, మన చేతిలో లేకపోతే ప్రతి కొత్త డిజైన్‌కూ ఇంకొకరి మీద ఆధారపడవలసిందే. దీన్ని మొదలుపెట్టేవారి ముందు నాలుగు దారులున్నాయి: తయారుగా ఉన్న ఫైళ్లు కొని సర్దుకోవడం, ఫోటో ఇస్తే తానే కుట్లు వేసే ఆటో డిజిటైజింగ్, ఉచితంగా దొరికే ఇంక్‌స్టిచ్ సాఫ్ట్‌వేర్, వృత్తిదారులు వాడే విల్‌కామ్ సాఫ్ట్‌వేర్. గుడ్డ మీద కుట్టు ఎందుకు అలా పడిందో ఏ దారి మనకు బోధపరుస్తుందన్న ఒక్క ప్రశ్నతోనే నేను వీటిని తూచుతాను.

ఆ ప్రశ్నే ఎందుకో ఆ మామిడి పిందెతోనే చెప్పవచ్చు. కాగితం మీద అది ఒక గీత, ఒక రంగు మాత్రమే. గుడ్డ మీదకు వచ్చేసరికి అంచుకు సాటిన్ (ఈ అంచు నుంచి ఆ అంచుకు పక్కపక్కనే పడే కుట్లు) వేయాలా, లోపలి భాగానికి ఫిల్ (వరసలు వరసలుగా నింపే కుట్లు) వేయాలా, కుట్లు ఏ దిక్కుగా సాగాలి, ఏది ముందు కుట్టాలి అనే నిర్ణయాలన్నీ మనవే. సాటిన్ గీత 1 మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే సూది పోట్లు దగ్గర దగ్గరగా పడి గుడ్డ దెబ్బతింటుంది. 7, 8 మిల్లీమీటర్లు దాటితే పొడవాటి దారాలు గాజులకు తగులుకుని పైకి లేస్తాయి. పైగా ప్రతి కుట్టూ తాను సాగే దిక్కులో గుడ్డను లోపలికి లాగుతుంది కాబట్టి, తెర మీద గుండ్రంగా ఉన్న చుక్క గుడ్డ మీద కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, ఫిల్‌కూ అంచుకూ నడుమ గుడ్డ తొంగిచూస్తుంది. అందుకే ఆకారాన్ని ముందుగానే 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మేర వెడల్పు చేసుకునే పుల్ కాంపెన్సేషన్, పైకుట్టు పడకముందే గుడ్డను దాని కింద పెట్టే అడుగు కాగితానికి పట్టి ఉంచే అండర్‌లే కుట్లు అవసరమవుతాయి. పంచింగ్‌లో నేర్చుకోవలసిన అసలు విద్య ఇదే. సాఫ్ట్‌వేర్ మెనూలు దాని తరువాతివి.

తయారు ఫైళ్ల విషయానికి వస్తే, రేపటి పెళ్లికి జాకెట్ ఇవ్వవలసిన దుకాణదారుకు అంతకన్నా మంచి దారి లేదు. కానీ అవి ఎక్కువగా డీఎస్‌టీ ఫైళ్లుగా వస్తాయి. జపాన్‌కు చెందిన తాజిమా యంత్రాల కోసం పుట్టిన ఈ ఫార్మాట్‌ను వ్యాపార యంత్రాలు దాదాపు అన్నీ చదువుతాయి గానీ, అందులో సూది ఎటు ఎంత కదలాలో 0.1 మిల్లీమీటరు కొలతల్లో ఉంటుందే తప్ప, ఇది ఆకు, ఇది పువ్వు అనే ఆకారపు సమాచారం ఉండదు. రంగు మార్చాలన్న ఆజ్ఞ ఉంటుంది, ఏ రంగో ఉండదు. అందువల్ల అలాంటి ఫైలును నూటికి 10, 15 పాళ్లకు మించి పెద్దది చేస్తే కుట్ల నడుమ సందులు పడతాయి, చిన్నది చేస్తే కుట్లు కిక్కిరిసి దారం తెగుతుంది. అయినా వీటికి ఒక గొప్ప ఉపయోగం ఉంది. అనుభవజ్ఞుడు చేసిన ఫైలును, కుట్లు పడే తీరును తెర మీద చూపే సిమ్యులేటర్‌లో తెరిచి, అతడు ఎక్కడ మొదలుపెట్టాడో, దారం కత్తిరించే పని లేకుండా ఒక రేకు నుంచి మరో రేకుకు ఎలా నడిపించాడో కుట్టు కుట్టుగా చూస్తే, అంతకు మించిన పాఠ్యపుస్తకం దొరకదు.

ఆటో డిజిటైజింగ్‌ను నేర్చుకునేవారికి నేను సూచించను. రెండు మూడు చదునైన రంగులతో స్పష్టంగా ఉన్న లోగోకు అది చిత్తుప్రతిగా పనికిరావచ్చు. కానీ ఫోటో ఇస్తే అందులోని ప్రతి నీడనూ వేరే ముక్కగా లెక్కవేసి అది వందల చిన్న ముక్కలు చేస్తుంది, ముక్క ముక్కకూ కుట్టకుండా దూకే జంపులు, దారం కత్తిరించే ట్రిమ్‌లు పెరుగుతాయి, ఆకు ఈనె ఎటు వాలిందో దానికి తెలియదు. కుట్టు చెడినప్పుడు ఏ నిర్ణయాన్ని మార్చాలో మనకూ తెలియదు, ఎందుకంటే ఆ నిర్ణయాలు మనం చేసినవి కావు.

నిజమైన పోటీ ఇంక్‌స్టిచ్‌కూ విల్‌కామ్‌కూ నడుమనే. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కు అనుబంధంగా పనిచేసే ఇంక్‌స్టిచ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇందులో సాటిన్ కావాలంటే రెండు పట్టాల్లాగా రెండు గీతలు గీసి, కుట్టు ఏ దిక్కుగా పడాలో చెప్పే అడ్డుగీతలు నిచ్చెన మెట్లలా మనమే వేయాలి. సాటిన్ కుట్ల నడుమ ఎడం 0.4 మిల్లీమీటర్లు, ఫిల్ వరసల నడుమ ఎడం 0.25 మిల్లీమీటర్లు అని అది ముందే అంకెలు పెట్టి ఉంచుతుంది; వాటిని మార్చి, ఫలితాన్ని సిమ్యులేటర్‌లో వెంటనే చూడవచ్చు. ఈ నిదానమే నేర్చుకునేవారికి మేలు చేస్తుంది, ఎందుకంటే కుట్టు దిక్కు, ఎడం, ఏది ముందు ఏది తరువాత అనే క్రమం మూడూ మన చేతి మీదుగానే నడుస్తాయి. కష్టాలూ లేకపోలేదు. చుక్కలను కలుపుతూ వేసే వెక్టర్ గీతలు గీయడం రానివారు మొదట దానితోనే కుస్తీ పట్టాలి. వేల కుట్లున్న పెద్ద నెక్ డిజైన్ల దగ్గర అది నెమ్మదిస్తుంది. డిజైనర్లు ఇచ్చిపుచ్చుకునే ఈఎంబీ ఫైళ్లను తెరవలేదు.

ఆ ఈఎంబీ ఆస్ట్రేలియాకు చెందిన విల్‌కామ్ సంస్థ సొంత ఫార్మాట్. ఆకారాలను ఆకారాలుగానే దాచుకుంటుంది కాబట్టి, డిజైన్‌ను పెద్దది చేసినా చిన్నది చేసినా కుట్లను మళ్లీ లెక్కవేస్తుంది. ఎడమ క్లిక్‌తో మూల, కుడి క్లిక్‌తో వంపు పెడుతూ, రేకుకు ఈ అంచున ఒక చుక్క ఆ అంచున ఒక చుక్క వేసుకుంటూ పోయే దాని పద్ధతికి చెయ్యి అలవాటు పడితే వచ్చే వేగం ఇంక్‌స్టిచ్‌లో రాదు. సూరత్ వంటి బట్టల పరిశ్రమ ఉన్న చోట్ల ఉద్యోగం వెతుక్కునేవారిని అడిగేది సాధారణంగా ఇదే. అయితే గుడ్డ రకం ఎంచుకుంటే డెన్సిటీ (కుట్ల దట్టం), అండర్‌లే, పుల్ కాంపెన్సేషన్ అన్నీ అదే సర్దిపెట్టే సౌకర్యం అనుభవజ్ఞుడికి సమయం మిగిల్చినా, కొత్తవారి కళ్లకు గంతలు కట్టే ప్రమాదమూ ఉంది. ఇది విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది, పూర్తి సాఫ్ట్‌వేర్ ధర చిన్న దుకాణానికి మోయలేని భారం. ఇంటి యంత్రాలవారి కోసం అదే సంస్థ హ్యాచ్ అనే తక్కువ ధర సాఫ్ట్‌వేర్‌ను అమ్ముతోంది.

ఆ ధర చూసి చాలామంది దొంగ కాపీల వైపు మళ్లుతారు. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ నేను దాన్ని సమర్థించలేను. వైరస్‌తో కంప్యూటర్‌లోని ఫైళ్లన్నీ పోయే ముప్పు ఒకటైతే, తన డిజైన్‌ను ఇతరులు దొంగిలించకూడదని కోరుకునే డిజైనర్ తానే అలాంటి పునాది మీద నిలబడడం మరొకటి. ఉచితంగా, న్యాయంగా దొరికే పనిముట్టు ఉండగా ఆ అవసరమే లేదు.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లోనో చిన్న దుకాణంలోనో మొదలుపెట్టేవారికి ఇంక్‌స్టిచ్ మేలు. అది నేర్చుకుంటున్నంత కాలం ఆర్డర్లకు తయారు ఫైళ్లు వాడుకుంటూ, వాటినే విప్పి చదువుకోవాలి. ఫ్యాక్టరీ ఉద్యోగమే లక్ష్యమైనవారు మాత్రం విల్‌కామ్ నేర్పేచోటే చేరాలి, కాకపోతే ఆటోమేటిక్ అమరికలు ఆపి కొన్నాళ్లు అంకెలు తామే వేసుకోవాలి. ఎవరైనా సరే ఒకే రేకును కాటన్ మీద, రా సిల్క్ మీద, నెట్ మీద కుట్టి చూసి, పక్కన ఎడం ఎంతో, అండర్‌లే ఏదో రాసి పెట్టుకోవాలి. పాలియెస్టర్ దారానికి సరిపోయిన ఎడమే జరీకి పెడితే దారం తెగుతూనే ఉంటుంది కాబట్టి, అక్కడ ఎడం కాస్త పెంచి యంత్రం వేగం తగ్గించాలి. గురువు దగ్గర చేరదలచినవారు ఫీజు కట్టే ముందు ఒక్క సంగతి కనుక్కోవాలి: తాము చేసిన డిజైన్‌ను అక్కడి యంత్రం మీద, తమ ఎదుటే కుట్టనిస్తారా లేదా అని. కంప్యూటర్ తెర మీద మాత్రమే నేర్పేచోట ఆ డబ్బు పెట్టడం కన్నా, దాంతో గుడ్డ, దారం, అడుగు కాగితం కొనుక్కోవడం మంచిది.