గినీ పంది గోళ్లు: కత్తెరా, నెయిల్ కట్టరా, ఆకురాయా?

గినీ పందికి ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు మూడేసి, మొత్తం 14 గోళ్లు. అవి పెరగడం ఆగదు. ఇంట్లో మెత్తటి గుడ్డల మీద తిరిగే ప్రాణికి అవి తగినంతగా అరగవు కాబట్టి సుమారు నెలకోసారి మనమే కత్తిరించాలి. దేనితో అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. నా మొగ్గు చిన్న జంతువుల కోసం చేసిన కత్తెర వైపే.

గోరు లోపల రక్తనాళం, నాడి ఉంటాయి. అక్కడ తెగితే రక్తం కారుతుంది, నొప్పి పుడుతుంది. ఆపైన పాదం ముట్టుకుంటేనే పాపం అది బెదిరిపోతుంది. అందుకే ఏ పనిముట్టునైనా నేను ముందు ఒక్కటే చూస్తాను: కోసే చోటు కంటికి కనబడుతోందా? కత్తెర అంచుల్లో అర్ధచంద్రాకారపు చిన్న గాడి ఉంటుంది. గోరు అందులో జారకుండా కూర్చుంటుంది. తెల్లటి గోరైతే లోపలి గులాబీ రంగు ఎక్కడ ఆగిందో చివరిదాకా చూస్తూనే ఉండవచ్చు. దానికి రెండు మిల్లీమీటర్లు కొన వైపు వదిలి కత్తిరిస్తే చాలు.

మనం వాడే నెయిల్ కట్టర్ పనికిరాదని అనను. పదునుగా ఉంటే గినీ పంది పిల్లల సన్నటి గోళ్లకు సరిపోతుంది. వయసు మీరిన గినీ పంది గోరు మందంగా, వంకరగా ఉంటుంది; మొద్దుబారిన కట్టర్ దాన్ని కోయడానికి బదులు నలిపి చీలుస్తుంది. రంధ్రంలో గోరు దూర్చి కోసే రకం కట్టర్లను మాత్రం నేను సిఫారసు చేయను. కాలు కదిలిపోతుంటే ఆ చిన్న గోరును గురిచూసి దూర్చడమే కష్టం.

ఆకురాయితో రక్తం వచ్చే భయం తక్కువే, కానీ చాలాసేపు పట్టుకోవాలి. కత్తిరించాక గరుకు అంచును నునుపు చేయడానికి వాడుకోండి. కరెంటుతో తిరిగే యంత్రం మోత, అదురు అలికిడికే ఉలిక్కిపడే ఈ ప్రాణికి పెద్ద శిక్ష. గోళ్లు వాటంతట అవే అరుగుతాయని బోనులో గరుకు రాయి పరిచేవారూ ఉన్నారు. బొచ్చులేని ఆ అరికాళ్లకు పుండ్లు పడే ప్రమాదం ఉంది, దయచేసి వద్దు.

పనిముట్టుకన్నా పట్టు ముఖ్యం. వెల్లకిలా పడుకోబెట్టడం సులువుగా తోస్తుంది గానీ, భయంతో గట్టిగా తన్నుకుంటే వెన్నుకే దెబ్బ. ఒంటరిగా చేసేటప్పుడు నేల మీద కూర్చుని, తువ్వాలులో వదులుగా చుట్టి, దాని వెనక భాగాన్ని మీ పొట్టకు ఆనించి, ఒక్కో పాదం బయటికి తీయండి. కొత్తవారికి ఇద్దరు ఉండటమే మేలు: ఒకరు పిరుదుల కింద చెయ్యి ఆసరాగా పెట్టి గుండెకు హత్తుకుంటారు, మరొకరు కత్తిరిస్తారు. ఛాతీని నొక్కకూడదు, కాలు పక్కకు లాగకూడదు. అది విసుగు చూపిస్తే ఆ రోజుకు ఒక్క పాదంతో ఆపేయండి.

నల్లటి గోళ్లకు కింది నుంచి టార్చ్ వేస్తే లోపలి నీడ కనబడుతుంది. కనబడకపోతే కొన మాత్రమే తీసి, వారం పది రోజులకు మళ్లీ కొంచెం తీయండి. ఇలా తరచుగా, కొద్దికొద్దిగా కత్తిరిస్తే లోపలి రక్తనాళం కూడా నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది. పొరపాటున తెగితే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి, కార్న్‌ఫ్లోర్ అద్దండి. రక్తం అప్పటికీ ఆగకపోయినా, గోరు మెలిక తిరిగి అరికాలిలో గుచ్చుకుని ఉన్నా, కత్తెర పక్కన పెట్టి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.