స్టాఫ్ సర్వేకు ఏది మేలు: చీటీల డబ్బానా, గూగుల్ ఫారమా, బయటి సంస్థా?

44 మంది పనిచేసే ఒక ప్రైవేటు హైస్కూలు అనుకుందాం. ప్రైమరీలో 12 మంది టీచర్లు, హైస్కూల్లో 18 మంది, ఆఫీసులో నలుగురు, ఆయమ్మలూ డ్రైవర్లూ వాచ్‌మనూ కలిపి మరో 10 మంది. పనిభారం ఎలా ఉంది, ఇన్‌ఛార్జిలు ఎలా మాట్లాడుతున్నారు, జీతం వేళకు అందుతోందా అని యాజమాన్యం సర్వే పెడుతుంది. అందరూ ‘బాగుంది’ అనే టిక్కు పెడతారు. వేసవి సెలవులు అయ్యేసరికి ఆరుగురు వేరే స్కూల్లో చేరిపోయి ఉంటారు.

వాళ్లు అబద్ధం రాశారని నిందించి లాభం లేదు. చాలా ప్రైవేటు స్కూళ్లలో టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలోనే ఉంటాయి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సిందీ యాజమాన్యం తరఫున స్కూలు నడిపే కరస్పాండెంటే. ఆ స్థితిలో ఉన్న మనిషికి ‘పేరు అడగం’ అన్న మాట చాలదు. పేరు బయటపడే దారి లేదని కళ్లారా చూడాలి. ఏ పద్ధతి మేలో తేల్చేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: రాసే మనిషి ఆ పద్ధతి లోపలికి తొంగి చూడగలరా?

ముందు రెండు మాటలు వేరు చేసుకోవాలి. అజ్ఞాతం అంటే ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్నా దారి ఉండదు. గోప్యం అంటే ఒకరికి తెలుసు, కానీ చెప్పరు. రెండూ మంచివే. గోప్యంగా చేసే సర్వేను అజ్ఞాత సర్వే అని చెప్పుకోవడమే తప్పు. ‘ఇది అజ్ఞాత సర్వే’ అని పంపి, నాలుగో రోజున ‘మీరు ఇంకా పూర్తి చేయలేదు’ అని ఒక్కరికే మెసేజ్ పెడితే, ఆ టీచరు ఇక ఏ సర్వేలోనూ మనసు విప్పరు.

గూగుల్ ఫారం

ఖర్చు లేదు, పది నిమిషాల్లో తయారవుతుంది, లెక్క దానంతటదే వస్తుంది. అందుకే అందరూ దీన్నే ఎంచుకుంటారు. సెట్టింగ్స్‌లో ‘కలెక్ట్ ఈమెయిల్ అడ్రసెస్’ దగ్గర ‘డూ నాట్ కలెక్ట్’ పెడితే ఈమెయిల్ నమోదు కాదు. ఒకరు రెండుసార్లు నింపకుండా ‘లిమిట్ టు 1 రెస్పాన్స్’ పెడితే మాత్రం గూగుల్ ఖాతాలోకి లాగిన్ కావాల్సి వస్తుంది. అప్పుడు కూడా ఫారం పెట్టినవాళ్లకు ఈమెయిల్ కనబడదు, పక్కన ‘నాట్ షేర్డ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కానీ నింపే టీచరుకు మొదట కనబడేది ఫారం పైన తన సొంత ఈమెయిలే. చిన్న అక్షరాలు చదివేలోపే చెయ్యి ఆగిపోతుంది. ఇక్కడ సాంకేతికంగా తప్పేమీ లేదు, నమ్మకమే పోయింది.

అసలు చిక్కు టైమ్‌స్టాంపుతో. ప్రతి జవాబు పక్కన షీటులో తేదీ, గంట, నిమిషం, సెకను పడతాయి. మంగళవారం 11:52కి ఒక జవాబు వచ్చింది. ఆ పీరియడ్‌లో ఖాళీగా ఉన్నదెవరో టైమ్‌టేబుల్ చూస్తే తెలుస్తుంది, అది ప్రిన్సిపాల్ గది గోడమీదే ఉంటుంది. ముగ్గురే ఖాళీ అనుకుంటే, అందులో ‘హైస్కూలు, పురుషుడు, 10 ఏళ్లు పైబడిన అనుభవం’ అని టిక్కు పెట్టింది ఒక్కరే. హిందీ పండిట్ దొరికిపోయారు. పేరు రాయలేదు, ఈమెయిల్ ఇవ్వలేదు, అయినా దొరికారు. ఆ కాలమ్ తర్వాత తీసేస్తామంటే ఉపయోగం లేదు, తీసేసేవాళ్లు ముందు చూస్తారు కదా.

ఇంకో రెండు తప్పులు తరచూ జరుగుతాయి. జవాబు వచ్చినప్పుడల్లా ఈమెయిల్ వచ్చేలా పెట్టుకుని, ఒక్కొక్కటీ రాగానే తెరిచి చూడటం ఒకటి. ‘వ్యూ రిజల్ట్స్ సమ్మరీ’ ఆన్‌లో వదిలేయడం రెండోది. అలా వదిలేస్తే ఫారం నింపిన ప్రతివాళ్లూ మిగతావాళ్లు రాసిన మాటల్ని అక్షరాలా చదవగలరు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో రోజూ చూసే రాత ఇది. ఎవరు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారో, ఎవరు ప్రతి వాక్యం చివరా మూడు చుక్కలు పెడతారో అందరికీ తెలుసు.

ఫారమే కావాలనుకుంటే ఇలా చేయండి. స్టాఫ్ ఎంచుకున్న వ్యక్తి, వీలైతే స్కూలుతో సంబంధం లేని రిటైర్డ్ హెడ్మాస్టరు లాంటివారు, తన ఖాతాలో ఫారం పెట్టాలి. ఎడిటర్‌గా మరెవరినీ చేర్చకూడదు. లాగిన్ అడగకూడదు. రెండుసార్లు నింపకుండా ఆరక్షరాల కోడ్‌లు వాడాలి. 44 మందికి 55 కోడ్‌లు చేసి, ఒకేరకం కవర్లలో పెట్టి అతికించి, సంచిలో వేసి కలిపి, ఎవరికి వారే తీసుకోవాలి. సున్నా, ఓ, ఒకటి, ఐ కోడ్‌లో రాకుండా చూడండి, వాటి దగ్గరే ఎక్కువమంది తప్పు కొడతారు. కోడ్ కోసం ‘అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ’ అని అడిగే అలవాటు ఒకటుంది. స్కూల్లో అది వద్దు. ఆ వివరాలు అప్లికేషన్‌తో పాటు ఆఫీసు ఫైల్లోనే ఉంటాయి.

చీటీ, డబ్బా

50 మంది లోపు స్కూలుకు నా ఓటు దీనికే. డబ్బా ఖాళీగా ఉందో లేదో మొదట అందరూ చూస్తారు, తాళం ఎవరు వేశారో చూస్తారు, తెరిచేదీ చూస్తారు. దాచిన యంత్రం ఏదీ ఉండదు.

ఎలా చేస్తే బాగుంటుందంటే: శనివారం స్టాఫ్ మీటింగు చివర 20 నిమిషాలు కేటాయించి, యాజమాన్యం వాళ్లు బయటికి వెళ్లాలి. గదిలో సీసీ కెమెరా ఉంటే వేరే గదికి మారాలి, గుడ్డ కప్పితే చాలదు. ఒకే ముద్రణలో, ఒకే రకం కాగితంపై 12 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా గళ్లు. అందరికీ ఒకే రంగు పెన్ను. అక్షరాలు రాయించకండి, టిక్కులే. టీచర్లకు ఒకరి చేతిరాత మరొకరికి మార్కుల రిజిస్టర్లలో, ప్రోగ్రెస్ కార్డుల్లో ఏళ్లుగా పరిచయం. కాగితాన్ని అందరూ ఒకేలా రెండు మడతలు వేయాలి. ఇష్టంలేనివాళ్లు ఖాళీ కాగితమే వేయాలి, అప్పుడు పాల్గొననివాళ్లు కూడా బయటపడరు. తెరిచే ముందు డబ్బాను బాగా కుదపాలి, లేకపోతే చివర వేసినవాళ్ల చీటీ పైనే ఉంటుంది.

రాసి చెప్పాలనుకునే మాటకు వేరే కాగితం, వేరే డబ్బా. టిక్కులూ రాతా ఒకే కాగితంపై ఉంటే, చేతిరాత తెలిసిన మరుక్షణం 12 టిక్కులూ ఎవరివో తెలిసిపోతాయి. వేరు చేస్తే రెంటికీ ఉన్న సంబంధం విశ్లేషణకు దొరకదు. ఆ నష్టం భరించాల్సిందే.

లెక్కపెట్టేవాళ్లు ముగ్గురు: ప్రైమరీ నుంచి ఒకరు, హైస్కూలు నుంచి ఒకరు, బోధనేతర సిబ్బంది నుంచి ఒకరు. వాళ్లను స్టాఫే ఎంచుకోవాలి. రాసిన మాటల్ని వీళ్లే టైపు చేయాలి, చేస్తూ గుర్తుపట్టే వివరాలు తీసేయాలి. ‘ఏడు బి క్లాస్ టీచర్ని కాబట్టి’ అని ఉంటే ‘క్లాస్ టీచర్‌గా’ అని మార్చాలి. యాజమాన్యానికి వెళ్లేది మొత్తాల కాగితమే. అసలు చీటీలు ఆ సాయంత్రమే అందరి ముందు కాల్చేయాలి.

చదవడం రాని ఆయమ్మలను వదిలేయడం చాలా సర్వేల్లో చూస్తాం. అది అన్యాయం. ఒక్కొక్కరికీ ఒక చింతగింజ, ఒక గురివింద గింజ ఇవ్వండి. ప్రశ్న చదివి వినిపించండి. చింతగింజ అవును, గురివింద కాదు. జవాబు గింజ ఒక డబ్బాలో, మిగిలింది రెండో డబ్బాలో, పిడికిలి మూసి వేయాలి. డబ్బా అడుగున పాత గుడ్డ పరవండి, చప్పుడును బట్టి ఏ గింజో తెలియకుండా. ప్రశ్న ప్రశ్నకూ లెక్కపెట్టి గింజలు మళ్లీ పంచాలి కాబట్టి అయిదు ప్రశ్నలకు మించొద్దు. ఒక జాగ్రత్త: పదికి పదీ గురివిందలే వస్తే, ఎవరు ఏమన్నారో తెలిసిపోయినట్టే. అందుకే ఆ పదిమంది లెక్క విడిగా చదవకుండా ఆఫీసు వాళ్ల నలుగురి లెక్కతో కలిపి 14కు చదవాలి. వాళ్ల కాగితంలోనూ ఆ అయిదు ప్రశ్నలు అవును, కాదు రూపంలోనే ఉండాలి.

బయటి సంస్థ

అయిదారు బ్రాంచీలు, మూడు నాలుగు వందల మంది ఉన్నప్పుడు చీటీలు మోయలేం. అప్పుడు బయటి సంస్థ మేలు. ఇది చాలావరకు గోప్యమే, అజ్ఞాతం కాదు. ఎవరికి ఏ లింకు పంపారో సంస్థకు తెలుసు. ఒప్పందంలో ముందే రాయించాల్సినవి రెండు: ముడి జవాబులు యాజమాన్యానికి ఎప్పుడూ ఇవ్వకూడదు, ఎంత చిన్న గుంపు ఫలితం చూపవచ్చో అంకె ఉండాలి. ఆ రెండు షరతులూ స్టాఫ్‌కు చదివి వినిపించాలి. డబ్బు కట్టేది యాజమాన్యమే కాబట్టి, అడిగితే ఇచ్చేస్తారేమో అన్న అనుమానం సహజం.

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం 2002లో మొదలుపెట్టిన ఉపాధ్యాయుల సర్వేలో ఒక్కొక్కరికీ పేరు లేని కోడ్ ఇచ్చేవారు. స్కూలు ఫలితం బయటపెట్టాలంటే కనీసం 40 శాతం మంది, అయిదుగురికి తక్కువ కాకుండా జవాబివ్వాలని నియమం. రాష్ట్రమంతా చేసే సర్వేకు అది సరిపోతుంది. ఒకే స్కూల్లో మాత్రం అయిదు అన్న గీత కూడా తీసివేత ముందు నిలవదు. ప్రైమరీ 12 మంది సగటు 3.5 అని ఒక పేజీలో, అందులో మహిళలు 11 మంది సగటు 3.73 అని ఇంకో పేజీలో ఇచ్చారనుకోండి. 12ని 3.5తో హెచ్చవేస్తే 42, పదకొండింటిని 3.73తో హెచ్చవేస్తే 41. ఆ ఒక్క మాస్టారు 1 ఇచ్చారని ఎవరైనా లెక్కగట్టేస్తారు. కాబట్టి ఒకే ప్రశ్నకు రెండు రకాల విభజన ఇవ్వొద్దని కూడా ఒప్పందంలో ఉండాలి. వయసు, అనుభవం, లింగం, సబ్జెక్టు, అన్నీ అడగకండి. ఒక్కటి చాలు.

వాట్సాప్ పోల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: ఎవరు దేనికి ఓటేశారో మామూలుగా గ్రూపులో అందరికీ కనబడుతుంది. టెలిగ్రామ్‌లో పేర్లు కనబడని పోల్ ఉంది, భోజనం మెనూ లాంటివాటికి బాగానే ఉంటుంది.

నాణెం ఎగరేసే పద్ధతి గురించీ కొందరు అడుగుతుంటారు. 1965లో గణాంక శాస్త్రవేత్త స్టాన్లీ వార్నర్ చెప్పిన ఆలోచనకు ఇదొక రూపం. బొమ్మ పడితే ‘అవును’ అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. ఎవరి ‘అవును’ నిజమో ఎవరికీ తెలియదు, ఆలోచన అందమైనదే. కానీ 44 మందిలో 30 మంది అవునన్నారనుకోండి. బొమ్మలు సరిగ్గా 22 పడితే, మిగిలిన 22 మందిలో 8 మందిది నిజమైన అవును, అంటే 36 శాతం. బొమ్మలు 19 పడితే 44 శాతం, 25 పడితే 26 శాతం. రెండూ మామూలుగా జరిగేవే. వేల మందికి పనికొచ్చే పద్ధతి స్టాఫ్ రూముకు పనికిరాదు.

ఏ పద్ధతి పట్టుకున్నా కాగితం పైన రెండు సంగతులు ముందే అచ్చువేయండి. లైంగిక వేధింపు మీద చర్య కావాలంటే సర్వేలో రాస్తే సరిపోదు. 2013 చట్టం ప్రకారం, 10 మంది, అంతకుమించి పనిచేసే చోట ఉండాల్సిన అంతర్గత కమిటీకి, మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పిల్లల మీద లైంగిక నేరం సంగతి ఎవరైనా రాస్తే, లెక్కపెట్టేవాళ్లు ఆ కాగితం కాల్చకూడదు. 2012 పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం వాళ్ల బాధ్యత.

ఫలితాలు మాత్రం లెక్కపెట్టిన రోజే స్టాఫ్‌కు చదవాలి, యాజమాన్యానికి పంపేదీ అదే కాగితం కావాలి. రెండు వారాల్లోగా యాజమాన్యం ఏ మూడు అంశాలు చేపడుతుందో, ఏది చేపట్టదో, ఎందుకు చేపట్టదో నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ రెండు వారాల్లో ఏ ఇన్‌ఛార్జి అయినా కారిడార్‌లో ‘ఆ మాట రాసింది నువ్వేనా?’ అని ఒక్కరిని అడిగినా, వచ్చే ఏడాది డబ్బాలో 44 ఖాళీ కాగితాలు పడతాయి. కాబట్టి ఆ ప్రశ్న ఎవరూ అడగకూడదన్న సర్క్యులర్ మీద, చీటీలు పంచకముందే, కరస్పాండెంట్ సంతకం తీసుకోండి.