స్పోకెన్ తెలుగు యాప్: పలకడం నేర్పింది, ఎవరితో ఏమనాలో వదిలేసింది

ముందే చెప్పేస్తున్నా, ఉచ్చారణ విషయంలో ఈ యాప్‌కి వంక పెట్టలేం. మా వదినది లక్నో. పెళ్లయి విజయవాడ వచ్చాక హిందీలోంచి తెలుగు నేర్పే యాప్ ఒకటి డబ్బు కట్టి తీసుకుంది, పేరెందుకులెండి. ళ, ణ ఇప్పుడు మాకంటే శుభ్రంగా పలుకుతోంది. లిపి పాఠాలూ బాగున్నాయి.

గొడవంతా వాక్యాల దగ్గరే. ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అంటారో ఒక్క ముక్క ఉండదు. "ఎక్కడికి వెళ్తున్నారు?" అనేది పలకరింపుల పాఠంలో పెట్టారు. వీధిలో ఎదురైనవాళ్లని అడిగితే అది పలకరింపే, "ఇలా బజారు దాకా" అనేస్తారు, అయిపోతుంది. అదే మాట తాతయ్య చెప్పులేసుకుని గుమ్మం దిగుతుంటే అడిగింది. ఆయన ఏమీ అనలేదు, వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, కాసేపాగి మళ్లీ బయల్దేరారు. వదినకి ఏం జరిగిందో కూడా తెలీదు పాపం. అలాంటప్పుడు మేమైతే "దూరమా తాతయ్యా?" అంటాం.

నువ్వు అంటే తుమ్, మీరు అంటే ఆప్ అని ఇంకో పాఠం. లక్నోలో పసిపిల్లల్ని కూడా ఆప్ అనే అలవాటుంది కదా, వదిన మా అక్క కొడుకుని "మీరు అన్నం తిన్నారా" అంటే వాడు ఒకటే నవ్వు. మేమేమో అమ్మని "నువ్వు" అంటుంటే వదిన నోరెళ్లబెట్టింది. మేము, మనం రెండిటికీ "హమ్" అని రాసి ఊరుకున్నారు. దాంతో పక్కింటావిడతో "మేం సినిమాకి వెళ్తున్నాం" అనబోయి "మనం" అంది, ఆవిడ చీర మార్చుకుని వచ్చేసింది! (టికెట్ దొరికింది కాబట్టి సరిపోయింది.)

"చూద్దాం లెండి" మాత్రం వదినకి ఇట్టే ఎక్కింది, హిందీలోనూ "దేఖ్తే హైఁ" అని అలాగే తప్పించుకుంటారు కాబట్టి. ఇంటి ఓనర్ ఆ మాటంటే కుళాయి బాగుచేయించడని లెక్క. నోటితో అననిది వినేవాళ్లు ఎలా పట్టుకుంటారన్న దాని మీద పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లోనే హార్వర్డ్‌లో ఉపన్యాసాలు ఇచ్చాడు, వీళ్లు ప్రతి వాక్యం కింద చిన్న నోట్ పెట్టడానికి కూడా బద్ధకించారు. తెలంగాణ మాట అసలే లేదు, హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి "పోయొస్త" వినిపిస్తే వెతుక్కోవాల్సిందే.

5కి 3 ఇస్తాను. తీసుకుంటే ఏడాది ప్లాన్ వద్దు, తక్కువ నెలలదే తీసుకోండి, లిపీ ఉచ్చారణా ఆలోపే అయిపోతాయి.