అంతరిక్ష పిచ్చి ఉన్నవారికి ఒక రోజు చాలదు: కెనెడీ కేంద్రం

చంద్రుడి మీద మనిషి దిగాడన్న వార్తను రేడియోలో విన్న తరం నాది. అప్పుడు పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు. కాబట్టి ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రం సందర్శకుల ప్రాంగణం గురించి నేను రాసేది కాస్త పక్షపాతంగానే ఉంటుంది.

ముందుగా అట్లాంటిస్‌ అనే అంతరిక్ష నౌక (స్పేస్ షటిల్) చూడండి. చిన్న చిత్రం ముగియగానే తెర పైకి లేస్తుంది. ఎదురుగా 33 సార్లు అంతరిక్షానికి వెళ్లివచ్చిన అసలు నౌక! 43.21 డిగ్రీలు పక్కకు ఒరిగించి, సరుకు గది తలుపులు తెరిచి పెట్టారు. వేడిని తట్టుకునే పలకల మీద వేసిన అంకెలు, కమిలిన చారలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని తుడిచి మెరుగు పెట్టకుండా వదిలేసిన పుణ్యాత్ములెవరో గానీ వారికి దండం పెట్టాలి.

అదే భవనంలో, ప్రమాదాల్లో నాశనమైన ఛాలెంజర్, కొలంబియా నౌకల వ్యోమగాముల స్మారకం ఉంది. 2003లో కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న ప్రమాదంలో మిగిలిన కొలంబియా కిటికీ చట్రాలు అక్కడున్నాయి. వాటి ముందు నాకు మాట పెగల్లేదు.

మనుషుల్ని చంద్రుడి దగ్గరకు పంపిన 110 మీటర్ల సాటర్న్ 5 రకం రాకెట్టును అడ్డంగా పడుకోబెట్టిన భవనానికి బస్సులో తీసుకెళ్తారు. ఆ ఖర్చు టికెట్టులోనే కలిసి ఉంటుంది. ఐదు ఇంజన్ల దగ్గర మొదలుపెట్టి కొస దాకా నడిస్తే గానీ దాని పొడవు అర్థం కాదు. చంద్రశిలను వేలితో తాకనిస్తారు కూడా. రాకెట్టు ప్రయాణపు కుదుపులు చూపించే యంత్రం కుర్రవాళ్లకే. నడుము నొప్పి ఉన్నవారు దాని జోలికి పోవద్దు.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా బయలుదేరిన 39ఎ ప్రయోగ వేదిక దూరం నుంచి కనిపిస్తుంది. ప్రయోగాలున్న రోజుల్లో బస్సు ఏర్పాట్లు మారవచ్చు, తేదీ చూసుకుని టికెట్టు కొనండి.