రోగిని లేపి నిలబెట్టే నడుము బెల్టు: కొన్నేళ్లు వాడిన తర్వాత నా అంచనా

పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి లేపాలంటే మన ఇళ్లలో ఇద్దరు చెరోపక్కన చేరి, చంకల కింద చేతులు దూర్చి, ఒక్క ఊపున పైకి లాగడం అలవాటు. చచ్చుబడిన వైపు భుజం కీలును పట్టి ఉంచే కండరాలు సడలిపోయి ఉంటాయి కనుక, ఆ లాగుడుకు చేతి ఎముక గూటి నుంచి కిందికి జారే ప్రమాదం ఉంది. తర్వాత నెలల తరబడి వేధించే భుజం నొప్పికి చాలాసార్లు మూలం అక్కడే ఉంటుంది. ఫిజియోథెరపిస్టులు గెయిట్ బెల్టు అనీ, ట్రాన్స్‌ఫర్ బెల్టు అనీ పిలిచే నడుము పట్టీ చేసే మేలు ప్రధానంగా ఈ లాగుడును మాన్పించడమే. ఎడమవైపు పడిపోయిన మా నాయన కోసం కావలిలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా దీన్ని రోజూ వాడుతున్నాను. "చెయ్యి లాగబాకరా" అని ఆయన రోజూ అనే మాట బెల్టు వచ్చాక క్రమంగా తగ్గి, చివరికి ఆగిపోయింది. ఆ ఒక్క కారణానికే ఈ వస్తువు పెట్టిన డబ్బుకు తగినదని నేను అంటాను. అయితే దీని నుంచి ఏం ఆశించవచ్చో, ఏం ఆశించకూడదో తెలియకుండా కొనేవారికి నిరాశ తప్పదు.

నేను రెండు రకాలు వాడాను. మొదటిది నవారులా గట్టిగా నేసిన నూలు పట్టీ. రెండు అంగుళాల వెడల్పు, ఐదడుగుల పొడవు, ఒక కొసన పళ్లున్న లోహపు బకిల్ తప్ప అందులో మరేమీ ఉండదు. రెండోది నాలుగు అంగుళాల వెడల్పున స్పాంజి మెత్త పెట్టి కుట్టినది. దానికి ముందువైపు నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిల్, నడుము చుట్టూ అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని పిడులు ఉంటాయి. సర్జికల్ షాపుకు వెళ్లి నడుము బెల్టు కావాలని మాత్రమే అడిగితే, నడుము నొప్పికి పెట్టుకునే లోహపు పట్టీల బెల్టు చేతిలో పెడతారు. దానికి పట్టుకునే పిడులుండవు, మనిషి బరువు మీద పడితే నిలిచే కుట్టూ ఉండదు, కాబట్టి రోగిని నిలబెట్టడానికి అని విడమరచి అడగాలి.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది, ఈ బెల్టు మనిషిని ఎత్తడానికి కాదు. వృత్తి భద్రతపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్, రోగులను చేతులతో ఎత్తే పనికి సూచించిన గరిష్ఠ బరువు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. ఇంట్లో పెద్దవారెవరూ అంత తక్కువ బరువుండరు గనుక, పూర్తిగా ఎత్తడమనేది ఒక్కరు చేయదగిన పనే కాదు. రోగి కనీసం ఒక కాలి మీదనైనా కొంత బరువు మోపగలగాలి, చెప్పిన మాట విని కదలగలగాలి. అప్పుడు బెల్టు పట్టుకున్న మన చేయి ఆయన చేసే ప్రయత్నానికి దారి చూపుతుంది. శరీరపు బరువుకు కేంద్రం నడుము దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి అక్కడ పట్టుకున్న పట్టు కొద్దిపాటి బలంతోనే మనిషిని నిలకడగా ఉంచుతుంది. చంకలోనో చేతిలోనో పట్టుకుంటే అంతకు ఎన్నో రెట్ల బలం పెట్టినా అంత నిలకడ రాదు.

ఈ పద్ధతిని మాకు నేర్పిన ఫిజియోథెరపిస్టు బెల్టు కంటే ఎక్కువసేపు కుర్చీ గురించే మాట్లాడారు. చక్రాల కుర్చీని ఎప్పుడూ రోగి బలంగా ఉన్న వైపున, మంచానికి కొంచెం ఏటవాలుగా పెట్టి, బ్రేకులు రెండూ వేసి, పాదాల పలకలను పక్కకు తీసెయ్యాలి. మా నాయనకు కుడివైపు బలం కనుక మంచం దింపేటప్పుడు కాళ్లవైపు ఉండే కుర్చీ, తిరిగి మంచం ఎక్కించేటప్పుడు తలవైపుకు రావాలి. గది ఇరుకుగా ఉంటే ఈ ఒక్క మార్పుకే సామాను సర్దుకోవలసి వస్తుంది. మేము బీరువాను వరండాలోకి జరిపాము. లేచే ముందు ఆయనను మంచం అంచున రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టడం తప్పనిసరి, ఎందుకంటే చాలాసేపు పడుకున్నవారు చటుక్కున నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బెల్టును ఆ కూర్చున్న సమయంలోనే, బట్టల మీదుగా, పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరేంత బిగువున కట్టాలి. నిలబడగానే పొట్ట కిందికి జారి బెల్టు వదులవుతుంది గనుక అప్పుడు మళ్లీ ఒకసారి సరిచూడాలి.

ఆ తర్వాత పిరుదులను అంచుకు జరిపించి, మడమలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టించి, తల మోకాళ్లను దాటి ముందుకు వచ్చేలా వంగమనాలి. లేవడంలో సగం పని ఈ వంగడమే చేస్తుందంటే అతిశయోక్తి కాదు. మన మోకాలిని ఆయన బలహీనమైన మోకాలికి ఆనించి అది ముడుచుకుపోకుండా ఆపుతూ, రెండు వైపులా బెల్టును కింది నుంచి అరచేతులు పైకి ఉండేలా పట్టుకుని, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి మూడుకు ఇద్దరూ కలిసి కదలాలి. పై నుంచి పట్టుకుంటే, మనిషి ఒక్కసారిగా కిందికి వాలినప్పుడు వేళ్లు జారిపోతాయి. ఆయన బలమైన చేయి మంచాన్ని నొక్కాలే గాని మన మెడను చుట్టకూడదు. ఈ చివరి సంగతి చెప్పడం సులువు, మాన్పించడం కష్టం. భయం వేసినప్పుడు ఎవరికైనా చేయి ముందుగా ఎదుటివారి మెడ మీదికే వెళుతుంది.

పెట్టె మీద బొమ్మల్లో ప్యాంటు, చొక్కా వేసుకున్న వృద్ధుడు కనిపిస్తాడు. మన పెద్దవాళ్లు లుంగీ కడతారు. లుంగీ ముడి సరిగ్గా బెల్టు కూర్చునే చోటనే ఉంటుంది. బెల్టును ముడి మీద కడితే అది పొట్టలో నొక్కుకుంటుంది, పైకి కడితే రెండడుగులు వేసేసరికి లుంగీ కిందికి దిగుతుంది. పరువు పోతుందన్న కంగారులో రోగి బలమైన చేతితో లుంగీని పట్టుకోబోయి తూలితే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే పగటిపూట ఎలాస్టిక్ నడుమున్న వదులు పైజామాకు మారాము. నాయన ఒప్పుకోవడానికి చాలాకాలమే పట్టింది. చీర కట్టుకునేవారికి నూలు చీర మీద బెల్టు నిలుస్తుంది గాని, సింథటిక్ చీర మీద జారి రొమ్ముల కిందికి ఎక్కేస్తుంది. అలాంటప్పుడు కుచ్చిళ్లు ఊడిరాకుండా నైటీ మీద కట్టడమే మేలు.

మా ఊరి ఉక్కను ఏ తయారీదారూ లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు. ఏప్రిల్, మే నెలల్లో స్పాంజి బెల్టు చెమటను పీల్చుకుని బరువెక్కుతుంది, వాసన వస్తుంది, ఉతికితే లోపలి స్పాంజి నీడలో ఆరడానికి రోజు చాలదు. వెడల్పైన బెల్టును కట్టి అలాగే ఉంచేస్తే చర్మం పాసిపోతుంది కనుక, కుర్చీలో కూర్చోబెట్టిన వెంటనే విప్పెయ్యడం మేము నియమంగా పెట్టుకున్నాము. నూలు పట్టీ మధ్యాహ్నపు ఎండలో ఇట్టే ఆరిపోతుంది, ఉతికేకొద్దీ కాస్త బిరుసెక్కినా పట్టు తగ్గదు. దాని లోపం బకిల్‌లో ఉంది. మా ఊరికి తుమ్మలపెంట సముద్రతీరం దగ్గరే కావడం వల్లనో ఏమో, పైపూత పోయిన చోట తుప్పు పట్టి, పళ్లు బట్టను కొరకడం మొదలుపెట్టాయి. రెండోసారి కొన్నప్పుడు ప్లాస్టిక్ బకిల్ ఉన్న నూలు పట్టీనే వెతికి తెచ్చుకున్నాను. వెల్క్రోతో మాత్రమే అతుక్కునే బెల్టులను నేను ఎవరికీ సూచించను. నూలు పోగులు, వెంట్రుకలు ఇరుక్కున్న కొద్దీ వెల్క్రో పట్టు తగ్గుతుంది, తగ్గిన సంగతి మనిషి బరువు పడే దాకా తెలియదు.

పిడులున్న బెల్టు గురించి నా అభిప్రాయం పూర్తిగా ఒకవైపు లేదు. ఇంట్లో మా అమ్మ, పగలు వచ్చే ఆయమ్మ ఇద్దరూ పిడులున్నదే కావాలంటారు. వేళ్లు నొప్పులున్న వారికి పట్టీ కింద చేయి దూర్చడం కష్టం, పిడి అయితే సులువుగా దొరుకుతుంది. నడిపించేటప్పుడు నిలువు పిడులు, లేపేటప్పుడు అడ్డ పిడులు చేతికి అనువుగా వస్తాయి. అయితే పట్టీలో బరువు నడుము చుట్టూ సమంగా పంచుకుంటుంది, పిడిలో మాత్రం అదంతా రెండు చోట్ల కుట్ల మీదే పడుతుంది. మా బెల్టు వెనక పిడి కుట్టు ఏడాది తిరగకముందే ఒక కొసన విడిపోయింది. అమ్మినవారు గడువు దాటిందని మార్చి ఇవ్వలేదు. చెప్పులు కుట్టే అతనితో కుట్టించవచ్చు కదా అని కొందరు అన్నారు గాని, మనిషిని పట్టి నిలిపే వస్తువులో అలాంటి సర్దుబాటుకు నాకు మనసొప్పక దాన్ని పక్కన పెట్టేశాను. కొనేటప్పుడు పిడి మొదట్లో కుట్టు ఒకే వరుసగా ఉందా, చతురస్రంగా కుట్టి మధ్యలో గుణకారం గుర్తులా అడ్డకుట్టు వేశారా అని చూడండి. రెండోది మన్నుతుంది.

నడిపించేటప్పుడు బలహీనమైన వైపున, అరడుగు వెనకగా నిలబడి, ఒక చేత్తో వెనకవైపు బెల్టును పట్టుకుని వెళ్లాలి. కాలు మడతపడి మనిషి పడిపోతున్నప్పుడు, బెల్టు చేతిలో ఉంది కదా అని నిలువునా ఆపబోతే ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. మన పాదాలను ఎడంగా పెట్టి, ఆయనను మనకు దగ్గరగా లాక్కుని, మన కాలి మీదుగా మెల్లగా నేలకు జారనివ్వాలి, తల మాత్రం దేనికీ కొట్టుకోకుండా చూడాలి. బాత్‌రూము గడప దగ్గర నాయన జారినప్పుడు ఇలాగే కూర్చోబెట్టగలిగాను, ఆయనకు గీత కూడా పడలేదు. బెల్టు లేకుండా అలా దించడం నావల్ల అయ్యేది కాదు.

చూడవచ్చిన బంధువులు దీన్ని మరో పనికి వాడమని సలహా ఇస్తుంటారు. కుర్చీలో పక్కకు వాలిపోతున్నారు, ఆ బెల్టుతోనే కుర్చీకి కట్టెయ్యరాదా అంటారు. అలా చెయ్యకూడదు. కట్టిన మనిషి కిందికి జారితే పట్టీ ఛాతీ మీదికో గొంతు మీదికో ఎక్కుతుంది. వాలిపోకుండా పక్కన దిండ్లు పెట్టాలి, కుర్చీ కొలత మార్చాలి. అలాగే నెల్లూరుకు పరీక్షల కోసం కారులో తీసుకెళ్లేటప్పుడు ఇది సీటు బెల్టుకు బదులు కాదు. ఎక్కించి, విప్పి, కారు బెల్టు పెట్టాలి.

కనిగిరి దగ్గరి పల్లెలో ఉండే మా పిన్ని విషయంలో ఈ బెల్టు పనికిరాలేదు. ఆ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది తెలిసిందే. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు లేని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణం చెబుతుంది. అంతకు బాగా మించిన నీరు దశాబ్దాలు తాగినవారిలో వెన్ను, కీళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పిన్ని నడుము అలా వంగిన చోటే బిగిసిపోయింది. పొట్ట, పక్కటెముకలు దగ్గరగా వచ్చి బెల్టుకు చోటే లేకపోగా, కట్టిన కాసేపటికే ఎముకల్లో నొక్కుతోందని ఆమె విప్పించుకుంది. లేవడానికి కావలసిన ముందుకు వంగడం కూడా ఆమెకు సాధ్యం కాదు. మంచం కోళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచడం, కమోడ్ కుర్చీ కాళ్లు పొడిగించడం ఆమెకు బెల్టు కంటే ఎక్కువ ఉపకరించాయి. పొట్టకు ఈ మధ్య ఆపరేషన్ జరిగినవారు, పొట్టలోకి ఆహారపు గొట్టం లేదా మలం సంచి అమర్చినవారు, పక్కటెముక విరిగినవారు, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బినవారు కూడా డాక్టరును అడగకుండా దీన్ని కట్టుకోకూడదు. అన్నం తిన్న వెంటనే బిగించడం ఎవరికీ మంచిది కాదు.

పేద వృద్ధులకు ఉచితంగా సహాయక పరికరాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే ప్రారంభించింది. అప్పటి జాబితాలో చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు, కళ్లజోళ్లు ఉన్నాయి గాని ఈ బెల్టు లేదు. చక్రాల కుర్చీ ఇచ్చి, అందులోకి మనిషిని చేర్చే సాధనాన్ని వదిలేయడం నాకు వింతగానే అనిపిస్తుంది, పైగా రెండింటిలో ఇది ఎంతో చవక.

ఒక్కటే కొనగలిగితే ప్లాస్టిక్ బకిల్ ఉన్న నూలు పట్టీని కొనమంటాను. చూసుకునేవారి చేతుల్లో పట్టు తక్కువైతే మాత్రం పిడులున్నదే నయం. కొలతను రోగి కూర్చుని ఉన్నప్పుడు, రోజూ కట్టుకునే బట్టల మీదుగా, బొడ్డు మట్టాన తీసుకోవాలి. కట్టాక బకిల్ దాటి జానెడు పట్టీ మిగలాలి. ఆ మిగిలిన కొసను లోపలికి దోపకపోతే అది చక్రాల కుర్చీ చక్రంలో పడుతుంది.