రాత్రి పదిన్నరకి వేసే తాళం: కిల్ స్విచ్‌తో రెండేళ్ళు

షేర్ మార్కెట్లో ఆప్షన్స్ (సూచీ ఎటు పోతుందో అని, గడువు పెట్టి వేసే పందేల్లాంటివి) కొనడం మొదలుపెట్టి నాలుగేళ్ళు దాటింది. మాకో మందుల షాపు ఉంది, ఫోను ఎప్పుడూ కౌంటర్ మీదే. బుద్ధి కుదురుగా పెట్టుకోవడానికి నేను వాడని సరంజామా లేదు. మార్క్ డగ్లస్ 2000లో రాసిన 'ట్రేడింగ్ ఇన్ ది జోన్' పుస్తకం, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఎక్సెల్ షీటు, పది రోజుల్లో వదిలేసిన ధ్యానం యాప్. ఇన్నిటిలో నన్ను నిజంగా చెయ్యి పట్టుకుని ఆపింది మాత్రం పైసా ఖర్చు లేనిది. నా బ్రోకర్ యాప్ సెట్టింగ్స్‌లో ఎక్కడో మూలన ఉండే కిల్ స్విచ్. నొక్కితే సెగ్మెంట్ (నాకైతే ఆప్షన్స్ కొనీ అమ్మే విభాగం) మూసుకుంటుంది, 12 గంటలు గడిస్తేగానీ తెరుచుకోదు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఆ 12 గంటల లెక్క గురించి.

మొదట్లో అందరిలాగే నేనూ దెబ్బ తిన్నాక నొక్కేవాణ్ణి. మధ్యాహ్నం 1:30కి కోపంతో నొక్కితే అర్ధరాత్రి దాటాక 1:30కి గడువు తీరిపోయేది. పొద్దున 9:15కి నిన్నటి కసి అలాగే ఉండేది, తాళం ఉండేది కాదు. నోట్‌బుక్ తిరగేస్తే నా పెద్ద నష్టాలు చాలావరకు మార్కెట్ తెరిచిన మొదటి గంటలోవే. అది చూశాక పద్ధతి మార్చాను. షాపు కట్టేసి, ఇంటికొచ్చి, అన్నం తిని, రాత్రి 10:30 ప్రాంతంలో నొక్కుతాను. పొద్దున మళ్ళీ 10:30 దాకా ఏమీ చేయలేను. అన్నం తిన్నాక నేను మహా క్రమశిక్షణ గల మనిషిని, ఆ మనిషి చేతే తాళం వేయిస్తున్నానన్నమాట.

2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 3 శాతం పైగా పెరిగింది. మర్నాడు కౌంటింగ్. తెరవగానే కాల్స్ (నిఫ్టీ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్స్) కొనాలని, ఏ స్ట్రైకో, అంటే నిఫ్టీ ఏ అంకె మీదో కూడా రాసిపెట్టుకున్నాను. పెట్టాలనుకున్నది 60,000, అదీ డిస్ట్రిబ్యూటర్‌కి కట్టాల్సిన డబ్బు. ఆ రాత్రి కూడా 10:40కి అలవాటు కొద్దీ బటన్ నొక్కేసి పడుకున్నాను.

పొద్దున 9:16కి ఆర్డర్ పెడితే రిజెక్ట్. నెట్ సరిగా లేదేమో అనుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ రిజెక్ట్. అప్పుడు గుర్తొచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, "మూసింది నేనేనండీ, తెరవమంటున్నదీ నేనే" అని బతిమాలాను. అవతలి అమ్మాయి "కుదరదండీ" అని ఎంత మర్యాదగా చెప్పిందో, నాకు అంత ఒళ్ళు మండింది. షాపులో టీవీ మీద మన రాష్ట్రం లెక్కింపు నడుస్తోంది. మందులకొచ్చినవాళ్ళు చీటీ చేతిలో పట్టుకుని, మందులు అడగడం మానేసి సీట్లు లెక్కపెడుతున్నారు. నేనొక్కణ్ణే ఫోన్లో నిఫ్టీ చూస్తూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

తర్వాత పడటం మొదలైంది. 10:40కి తాళం తెరుచుకునేసరికి, నేను కొందామనుకున్న కాల్ ధర చూస్తే నోట మాట రాలేదు. ఆ రోజు ముగిసేసరికి నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. సాయంత్రం డిస్ట్రిబ్యూటర్ మనిషి వస్తే 60,000 ఇచ్చి, టీ కూడా తెప్పించాను. టీ ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

అందులో సగం అదృష్టమే, ఒప్పుకుంటాను. మార్కెట్ పైకి పోయుంటే ఈ సమీక్ష తిట్లతో నిండేది.

ఆ తర్వాత రెండు నెలలు కనబడినవాళ్ళందరికీ దీని గొప్పే చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించాను. ఆగస్టులో ఒక గురువారం, ఆప్షన్స్ గడువు తీరే ఎక్స్‌పైరీ రోజు, 9,000 పోయాక బుద్ధిగా తాళం వేశాను. రెండు గంటలప్పుడు, ఎప్పుడో ఐపీఓల (మార్కెట్లోకి కొత్తగా వచ్చే కంపెనీల షేర్ల) కోసం వేరే బ్రోకర్ దగ్గర తెరిచిన ఖాతా గుర్తొచ్చింది. అందులో ఎఫ్ అండ్ ఓ, అంటే ఆప్షన్స్ ఉండే సెగ్మెంట్, ఆన్‌లోనే ఉంది. యూపీఐలో 25,000 వేశాను. 3:20కి మిగిలింది 3,100. నా నోట్‌బుక్‌లో ప్రతి ట్రేడుకీ 'ఎందుకు కొన్నాను' అని ఒక గడి ఉంటుంది. ఆ రోజు అది ఖాళీ. ఇంకోటి, పొజిషన్ (కొని ఇంకా అమ్మని ట్రేడు) తెరిచి ఉంటే నా యాప్‌లో ఈ స్విచ్ పడదు. అంటే రాత్రికి పొజిషన్ మోసుకెళ్ళేవాళ్ళకి నా పద్ధతి పనికిరాదు.

పుస్తకం సంగతి. చివర్లో 20 ట్రేడ్ల సాధన ఒకటి ఉంది: ఒకే పద్ధతి, నష్టం ఎంతో ముందే ఖాయం, మధ్యలో ఒక్కో ట్రేడు చూసి తీర్పు చెప్పుకోకూడదు. ఒకసారి 7 దగ్గర, ఒకసారి 11 దగ్గర, ఒకసారి 4 దగ్గరే ఆగిపోయాను. తాళం అలవాటయ్యాక నాలుగోసారి 20 పూర్తయ్యాయి. రాత్రి చదివితే ప్రతి మాటా నిజమే అనిపిస్తుంది, మధ్యాహ్నం 2:45కి ఒక్కటీ గుర్తురాదు. మా బామ్మర్దికి ఇచ్చేశాను, వాడు ఇంకా తెరవలేదు. ఇక లాగిన్ అయినప్పుడల్లా కనబడే 'పది మందిలో తొమ్మిది మందికి నష్టం' హెచ్చరికని నా బొటనవేలు చదవకుండానే తీసేస్తుంది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసే వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమేనని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తేల్చింది కదా, అందులో నేనూ ఉన్నాను.

ఈ ఏడాది నష్టాలు బాగా తగ్గాయి. కానీ 2024 చివర్లో సెబీ నిబంధన వల్ల నిఫ్టీ లాట్ (ఒక్కసారి కనీసం కొనాల్సిన సంఖ్య) 25 నుంచి 75కి పెంచాక నా డబ్బుకి ట్రేడ్లే తగ్గిపోయాయి. పేరు తాళానికివ్వాలో సెబీకివ్వాలో తెలియదు. పైగా నాకు షాపు ఉంది, ఇల్లు దానిమీదే నడుస్తుంది. ట్రేడింగే జీవనాధారమైనవాళ్ళు మొదటి గంట వదులుకోగలరో లేదో నేను చెప్పలేను.

ఆ రెండో ఖాతా మూసే ఫారం నింపి డ్రాయర్‌లో పెట్టాను. అందులో ఐపీఓలో వచ్చిన షేర్లున్నాయి, అవి మార్చుకున్నాక పంపుదామని. నాలుగు నెలలైంది.